లోపలి నట్లు

వెంట్రుకవాసిగారి తలమీద వెతికినా ఒక్క వెంట్రుక దొరకదు. ఆ పేరు ఆయన తలను చూసి పెట్టింది కాదు, నోటిని చూసి పెట్టింది. ఇనుమును తిప్పి చెక్కే లేత్ మిషన్ మీద ఏ పని చేసినా, ఆ ముక్కను గుడ్డతో శుభ్రంగా తుడిచి, వచ్చినవాడి అరచేతిలో పెట్టి, "వెంట్రుకవాసి తేడా వస్తే నా పేరు మార్చుకుంటా" అనేవాడు. తేడా ఎప్పుడూ రాలేదు. అయినా జనం పేరు మార్చేశారు. అడిగి మార్చడానికి జనానికి తీరికెక్కడిది!

ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో ఆ లేత్ మిషన్. అది ఆ ఇంట్లోకి భార్యకంటే ముందొచ్చింది. "నేను ఈయనకి రెండోదాన్ని. మొదటిది వెనక షెడ్డులో ఉంది, రోజూ నూనె రాయించుకుంటుంది" అని ఆవిడ కొత్తగా వచ్చిన చుట్టాలందరికీ పరిచయం చేసేది. చుట్టాలు ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత నవ్వేవారు. ఆయన మాత్రం అందులో తప్పేముందన్నట్టు తల ఊపేవాడు.

పనిమంతుడే, కాదనలేం. కానీ ఆ పనితనానికి తోకలా ఒక జబ్బు ఉండేది. ఆయన చేసిన పనిని ఆయన ఎదుట ఇంకొకరు కొలవకూడదు. ఎవరైనా మాటవరసకి జేబులోంచి స్కేలు తీశారంటే చాలు, ముక్క వెనక్కి లాక్కొని, "కొలుచుకునేవాడివి నా దగ్గరికెందుకొచ్చావ్? స్కేలునే చేసిపెట్టమని అడగాల్సింది!" అని గుమ్మం చూపించేవాడు. పంపులు బాగుచేసే స్నేహితుడొకడు ఒకసారి ఆయన చేసిన బుష్షును వెలుగులో పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. చూశాడు, అంతే. ఆ ఒంటికన్ను చూపుతో పాత స్నేహం పుటుక్కుమంది. ఇప్పటికీ ఇద్దరూ వీధిలో ఎదురుపడితే దగ్గుతో పలకరించుకుంటారు, మాటలు లేవు.

అలాంటి మనిషికి రెండు కళ్ళకీ శుక్లాలొచ్చాయి. ఆపరేషన్ బాగా జరిగింది. కట్లు విప్పాక ఎదురింటి గోడమీద పాకే చీమ కూడా కనిపించిందట. అయితే కళ్ళకు ఆపరేషన్ అయిందన్న కబురు బజారుకి వెళ్ళేసరికి కళ్ళు పోయాయని మారింది. అప్పటినుంచి షెడ్డుకి వచ్చే పనుల వరస మారిపోయింది. కత్తికి పదును పెట్టమని ఒకరు, గేటు బందు అతకమని ఒకరు, కర్టెన్ కడ్డీ కొయ్యమని ఇంకొకరు. గట్టి పనులన్నీ మెయిన్ రోడ్డులో అద్దాల తలుపులున్న పెద్ద షాపుకి పోయాయి. "పోనీలే, నాకూ విశ్రాంతి కావాలిగా" అనేవాడు. పచ్చి అబద్ధం. రోజూ పొద్దున్నే మిషన్‌కి నూనె రాసి, ఊరికే కాసేపు తిప్పి, ఆ చప్పుడు విని ఆపేసేవాడు. ఒక్క పని, తన చెయ్యి ఇంకా ఆరిపోలేదని నలుగురికీ తెలిసే ఒక్క గట్టి పని దొరికితే చాలని ఆయన ప్రాణం కొట్టుకుపోయేది. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు, భార్యతో కూడా.

ఆ పనిని తెచ్చింది కోడలు.

కోడలిది జీపు. పెళ్ళికి ముందే సొంతంగా కొనుక్కున్న పాత జీపు. దాని మీద కొండపైన ఉన్న కాలనీకి మనుషుల్నీ సామాన్లనీ చేరవేస్తూ ఉంటుంది. కొడుకు బేకరీలో రొట్టెలు కాలుస్తాడు. బండ్ల గురించి అతనికి తెలిసిందల్లా చక్రం గుండ్రంగా ఉంటుందని. ఇద్దరిలో ఎవరు ఎవర్ని ఎక్కడికి తీసుకెళ్ళాలన్న గొడవ ఆ కాపురంలో ఎప్పుడూ రాలేదు.

వానలకి కొండదారి పాడైంది. లారీలు తిరిగి తిరిగి రెండు వైపులా మోకాటిలోతు గాడులు పడ్డాయి, మధ్యలో మట్టి మెట్టలా లేచింది. జీపు కడుపు ఆ మెట్టకి రాసుకునేది. పైన కాలనీవాళ్ళకి వారానికోసారి వస్తానన్న పళ్ళ డాక్టరమ్మను తీసుకెళుతున్న రోజున రాసుకోవడం కూడా కాదు, ఏకంగా మెట్ట ఎక్కి కూర్చుంది. నాలుగు చక్రాలూ గాల్లో తిరుగుతున్నాయి, జీపు మాత్రం కదలదు. డాక్టరమ్మ తన మడత కుర్చీ చంకన పెట్టుకొని బురదలో నడిచి కిందికి వచ్చింది. "ముందు మీ జీపు కడుపు పైకెత్తించండి, అప్పుడొస్తాను. ఈలోగా ఎవరి పన్ను వాళ్ళే చూసుకోవాలి" అని చెప్పి వెళ్ళిపోయింది. కొండమీద సగంమంది దవడలు పట్టుకొని కోడలికి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు.

కోడలు ఊరికే కూర్చునే రకం కాదు. వాళ్ళ మేనమామ దగ్గర తుక్కుకి వెయ్యబోతున్న పికప్ వ్యాను ఒకటుంటే, దాని నాలుగు చక్రాలూ అడిగి తెచ్చుకుంది. పెద్ద చక్రాలు, టైర్లు దాదాపు కొత్తవి. నిలబెడితే అత్తగారి నడుము దాకా వచ్చాయి. అవి వేస్తే జీపు కడుపు మెట్టని దాటిపోతుంది, ఇక అనుమానమే లేదు. ఒకటే చిక్కు. జీపు చక్రానికి అయిదు బోల్టులు, తెచ్చిన చక్రాలకి ఆరు కన్నాలు. పెద్ద షాపుకెళ్ళి అడిగితే మధ్యలో అడాప్టర్లు వెయ్యాలని, ఇంత పాత జీపుకి అవి తయారుగా దొరకవని, ఎక్కడికో రాసి తెప్పించాలని చెప్పారు.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు ఆమె అడిగేసింది. "మామయ్యా, అడాప్టర్లు మీరు చేసిపెడతారా?"

ఆయన నోటిదాకా వెళ్ళిన మంచినీళ్ళ గ్లాసు ఆగిపోయింది. లోపల గుండె గంతులేస్తోంది. ముఖం మాత్రం పన్ను నొప్పివాడిలా పెట్టి, "చూద్దాం. తీరిక దొరకాలి గదా" అన్నాడు.

"పాపం, గేటు బందు ఒకటి అర్జంటుగా ఉంది ఆయనకి" అంది భార్య, పళ్ళెంలోంచి తలెత్తకుండా.

ఆ సాయంత్రానికే ఆయన జీపు కింద దూరాడు.

అడాప్టరంటే ఏమిటో భార్యకి అర్థమయ్యేలా చెప్పడానికి రెండు మూతలూ ఒక పళ్ళెమూ కావలసి వచ్చాయి. "ఇదిగో, ఇది జీపు. దీనికి అయిదు బోల్టులు. అది కొత్త చక్రం, దానికి ఆరు కన్నాలు. రెండూ నేరుగా కలవవు. అందుకని మధ్యలో మందంగా ఓ ఇనుప పళ్ళెం. దాన్ని జీపు బోల్టులకి అయిదు నట్లతో బిగిస్తాం. ఆ పళ్ళేనికే బయటివైపు ఆరు బోల్టులు నిలబెడతాం. కొత్త చక్రం వాటికి తగులుతుంది. తెలిసిందా?"

"తెలిసింది. పెళ్ళిళ్ళ పేరయ్యన్నమాట. అటువాళ్ళకి అయిదంటాడు, ఇటువాళ్ళకి ఆరంటాడు, ఇద్దర్నీ ఒప్పిస్తాడు."

ఆయన మొదట చిరాకు పడ్డాడుగానీ, ఇంతకంటే బాగా తనూ చెప్పలేనని తోచి ఊరుకున్నాడు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో అడాప్టర్లకి పేరయ్యలన్న పేరే స్థిరపడింది. "మూడో పేరయ్య ఎంతవరకొచ్చాడు?" అని కొడుకు కూడా బేకరీనుంచి వస్తూనే అడిగేవాడు.

షెడ్డులో మళ్ళీ పూర్వం రోజులొచ్చాయి. కాలిన నూనె వాసన, చుట్టలు చుట్టలుగా రాలే ఇనుప రజను, మోటారు రొద. మొదటి పేరయ్య చెడిపోయాడు. జీపు హబ్బు మీద, అంటే చక్రం తగిలే దిమ్మ మీద, కూర్చునే అంచులో కాస్త వదులొచ్చింది. దాన్ని ఎవరికీ చూపించకుండా తుక్కులోకి తోసేసి, "ఇనుము మంచిది కాదు" అని తనకి తానే చెప్పుకున్నాడు. ఇనుము మంచిదే. చాలాకాలం తర్వాత చేతికొచ్చిన పని కదా, చెయ్యి కాస్త తొట్రుపడింది. మిగిలినవాటికి మాత్రం చేతికి పాత గుర్తులన్నీ తిరిగొచ్చాయి. అంచు ఎంతవరకొచ్చిందో కంటితో చూసి, గోటితో గీరి చూసి, చివరికి వేలితో కొట్టి చెవితో విని తేల్చుకునేవాడు. కోడలు వచ్చి గుమ్మంలో నిలబడితే పాఠం మొదలయ్యేది. "చూడమ్మాయ్, బండి బరువు నట్ల మీద పడకూడదు, ఈ అంచు మీద పడాలి. నట్లు పట్టుకోవడానికే, మొయ్యడానికి కాదు." కోడలు శ్రద్ధగా తల ఊపేది. ఆ తల ఊపడం చూసి ఆయన ఇంకో గంట అదనంగా పనిచేసేవాడు.

చక్రాలు ఎక్కించిన రోజు వీధి వీధంతా వచ్చి చూసింది. జీపు పెళ్ళి గుర్రంలా ఎత్తుగా నిలబడింది. స్టీరింగు తిప్పితే టైరు మడ్‌గార్డుకి రాసుకుంటోందని ఆ అంచు కాస్త కోసి, సుత్తితో లోపలికి మడిచారు. అందరికంటే ముందు తనే ఎక్కుతానని పట్టుబట్టిన అత్తగారికి మెట్టు అందలేదు. వంటింట్లో పీట తెచ్చి వేశారు. పైకెక్కి కూర్చొని వీధిని పరికించి, "ఇక్కణ్ణించి చూస్తే మీ బట్టతల అద్దంలా ఉందండీ" అంది భర్తతో. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. అంత మంచి రోజు అది.

ఆ మంచి రోజున కోడలు, పాపం, మెల్లగానే కదిపింది. "మామయ్యా, పెద్ద షాపువాళ్ళు ఒక మాటన్నారు. ఒకసారి తిరిగొచ్చాక చక్రాలు విప్పి, పేరయ్యల్ని పట్టుకున్న లోపలి నట్లు మళ్ళీ బిగించాలట. చక్రం అడ్డం కదా, అవి వదులైనా బయటికి కనపడవట."

నవ్వు ఎటు పోయిందో పోయింది. "నేను బిగించిన నట్టుకి మళ్ళీ బిగింపా? వదులయ్యే నట్లు పెద్ద షాపులో బిగిస్తారేమో! ఇక్కడ వెంట్రుకవాసి తేడా వస్తే..."

"సరే మామయ్యా" అంది కోడలు.

"అది కాదమ్మాయ్, నా పనిని..."

"సరే అన్నాగా మామయ్యా."

ఆ 'సరే' ఆయనకి నచ్చలేదు. వాదించి ఉంటే గెలిచేవాడు. ఒప్పుకున్నవాళ్ళతో ఏం చేస్తాడు?

మర్నాడు డాక్టరమ్మకీ ఆవిడ కుర్చీకీ సరిపడా బరువుగా నీళ్ళ డబ్బాలు వేసుకొని కోడలు కొండమీదికి వెళ్ళొచ్చింది. మెట్ట తగల్లేదు, గాడులో దిగబడలేదు. బురదతో, నవ్వుతో దిగింది. డాక్టరమ్మకి ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకుంది. ఆయన వసారాలో పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు. పేపరు తలకిందులుగా ఉందని భార్య చెప్పాక సరిగా పట్టుకున్నాడు.

అసలు అవస్థ అప్పుడు మొదలైంది. ఆయనకి తెలియదనుకుంటున్నారా? కొత్త ఇనుము పాత ఇనుము మీద కూర్చున్నప్పుడు కాస్త అణుగుతుందనీ, మళ్ళీ బిగించాల్సిందేననీ ఇంకొకరి బండి గురించైతే ఆయనే నలుగురికీ చెప్పేవాడు. మళ్ళీ బిగించనక్కర్లేదని భీష్మించుకున్నది తన నోరే కాబట్టి, ఇప్పుడు ఆ నోటిని దాటి వెళ్ళే దారి కనిపించలేదు. కాలుగాలిన పిల్లిలా జీపు చుట్టూ తిరిగాడు. తన కోడలు, ఆ దారి, ఆ గాడులు, లోపల కనపడని నట్లు.

డాక్టరమ్మ ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం సందు దొరికింది. భార్య పక్కింటికి వెళ్ళింది, కోడలు పెట్రోలు డబ్బా పట్టుకొని బజారుకి వెళ్ళింది, కొడుకు రాత్రి బేకరీ పని చేసొచ్చి గురకపెడుతున్నాడు. ఆయన పిల్లి అడుగులతో జాకీ తెచ్చి, ముందు చక్రం ఒకటి పైకెత్తి, విప్పి, పలుగు ఆసరాతో రొప్పుతూ పక్కకి దొర్లించాడు. పేరయ్య బయటపడ్డాడు. లోపలి నట్టుకి పానా తగిలించి లాగాడు.

కదల్లేదు.

బుద్ధున్న మనిషైతే అక్కడ సంతోషించి, చక్రం మళ్ళీ వేసి, టీ తాగేవాడు. ఈయనకి భయం పట్టుకుంది. కదలకపోవడం నట్టు గొప్పతనం కాదేమో, తన చేతిలోనే సత్తువ పోయిందేమో! వదులుగా ఉన్న నట్టుని కూడా కదల్చలేని స్థితికి వచ్చేశానేమో! షెడ్డులోకి వెళ్ళి పొడుగాటి ఇనుప పైపు తెచ్చి, పానా చివర తొడిగి, ఒళ్ళు బరువంతా దానిమీద వేశాడు.

టప్పుమంది.

పైపూ పానా ఆయనా కలిసి నేలమీద పడ్డారు. లేచి చూస్తే నట్టు ఊడి వచ్చింది, దానిలోపల బోల్టు ముక్క విరిగి ఉండిపోయింది.

దాన్ని అరచేతిలో పెట్టుకొని, ఊడిన చోటుకేసి చూశాడు. పళ్ళెంలో కన్నం సరిగ్గా పడలేదన్నమాట. బోల్టు ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, అందుకే విరిగింది. తేడా వచ్చిందన్నమాట. వెంట్రుకవాసి కాదు, అంతకంటే ఎక్కువే. బజారు చెప్పిందే నిజం. పనైపోయింది.

ఎవరూ చూడలేదు. మిగతా నట్లు గట్టిగానే ఉన్నాయి. చక్రం వేసేస్తే విరిగింది ఎవరికీ కనపడదు. నిజం చెప్పాలి కదా, ఆయన చక్రం వేశాడు కూడా. బయటి నట్లన్నీ బిగించాడు. తుడిచాడు. దూరంగా నిలబడి చూస్తే జీపు పొద్దుటిలాగే ఎత్తుగా, దర్జాగా ఉంది.

అంతలో కోడలు వచ్చింది. చెవి దగ్గర ఫోను, చేతిలో డబ్బా. "రేపు పొద్దున్నే మీ ఇంటి ముందుంటాను డాక్టరమ్మా... అబ్బే, భయమేం లేదు, షాపుది కాదు... మా మామయ్య చేశారండీ. మా మామయ్య చేశారంటే ఇంక చూసుకోనక్కర్లేదు."

ఇన్నాళ్ళూ ఏ మాట కోసం ఆయన మొహం వాచిపోయాడో అదే మాట. విరిగిన సంగతి దాచిపెట్టుకొని, కోడల్ని ఆ చక్రం మీద కొండెక్కించడం తన వల్ల కాదని ఆయనకి తెలిసిపోయింది. వంటింట్లోకి వెళ్ళి, బల్లమీద విరిగిన బోల్టు ముక్కతో సహా ఆ నట్టు పెట్టాడు. అప్పుడే పక్కింటినుంచి వచ్చిన భార్య దాన్ని చూసి నోరు తెరిచింది.

"అమ్మాయ్, రేపు జీపు కదలకూడదు" అన్నాడు. "నా పనిలో తేడా వచ్చింది. పేరయ్యల్ని తీసేసి పెద్ద షాపుకి తీసుకెళ్ళు. కళ్ళు బాగానే ఉన్నాయిగానీ, చెయ్యే... ఇంక మిషన్ కూడా అమ్మేద్దాం."

కోడలు నట్టు తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె మొహం మెల్లగా ఎర్రబడింది. "మామయ్యా, ఇది ఎలా విరిగింది?"

"నేనే బిగించాను. ఇందాక."

"బిగించారా? మీరు?" అంది కోడలు. "నిన్న తెల్లవారుజామున మీరు లేవకముందే నేను బిగించేశాను మామయ్యా. నాలుగు చక్రాలూ. కాస్త తిరిగాయి, కొత్తవి కదా అని... పైపు కూడా పెట్టాను."

ఆయన ఆమెవైపు చూస్తుండగానే పొయ్యి దగ్గర గరిటె కిందపడింది. భార్య దాన్ని తీసుకోవడానికి వంగి, వంగిన చోటే ఉండి అంది. "అయితే మరి గాలి తమ్ముడు బిగించింది ఏ లెక్కలోకి వస్తుంది?"

గాలి తమ్ముడంటే వీధి చివర పంక్చర్ షాపు అతను. గాలి కొడతాడు కాబట్టి ఆ పేరు, ఆవిడని అక్కా అంటాడు కాబట్టి తమ్ముడు. ఆయన్ని మాత్రం గురువుగారూ అంటాడు.

"నిన్న కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమని నువ్వు పొద్దున్నే వెంటపడింది అందుకా!" అన్నాడు ఆయన.

"కళ్ళకీ మంచిదేగా. తమ్ముణ్ణి పిలిపించి, గట్టిగా బిగించు తమ్ముడూ, మీ గురువుగారికి తెలియనివ్వకు అన్నా. వాడు ఎగిరి పానామీద నిలబడ్డాడు."

ఈ గొడవకి నిద్రలేచిన కొడుకు కళ్ళు నులుముకుంటూ గుమ్మంలోకి వచ్చి, సంగతి విని, తల గోక్కున్నాడు. "నేను కూడా... తెల్లారి బేకరీనుంచి వస్తూ అన్నీ ఓ తిప్పు తిప్పా. అయితే బయటివే. లోపల ఇంకో వరస ఉందని నాకెవరు చెప్పారు?"

ఎవరికీ నవ్వడానికి ధైర్యం చాల్లేదు. అందరూ ఆయన మొహం వంకే చూస్తున్నారు. ఆ మొహం నల్లబడింది. "అంటే ఇంట్లో ఒక్కరికి కూడా నా పని మీద నమ్మకం లేదు" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. అరిచి ఉంటే బాగుండేది.

కోడలు ఆయన ముందుకొచ్చి నిలబడింది. "నమ్మకం లేకపోతే బిగించను మామయ్యా, దిగిపోతాను. నేను కూర్చునే బండి అది. మీరు చేసిన దానిమీదే కూర్చోవాలని బిగించాను."

"మాకు నట్టుని చూసి భయం లేదు, మిమ్మల్ని చూసే" అంది భార్య. "మీ పనిని ముట్టుకుంటే ఇల్లెక్కి అరుస్తారు. ఎదురుగా ఒక్కసారి బిగించుకోనిస్తే పోయేదానికి, చాటుగా ముగ్గురం బిగించాం. బోల్టైనా ఎంతకని ఓర్చుకుంటుంది?"

ఆయన నోరు తెరిచాడు. బయటికి వచ్చింది కోపం కాదు, నవ్వు. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత పొట్ట కదిలింది, ఆ తర్వాత బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. ఇంక ఆపేవాళ్ళెవరు! కొడుకైతే గోడకి జారగిలబడి, "బయటివే... బయటివే" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

గాలి తమ్ముణ్ణి పిలిపించారు. కబురందగానే సంగతి ఊహించినవాడై, బిగింపు కొలిచే పానా ఒకటి చేతిలో పట్టుకొని, అక్క వెనకే నక్కి వచ్చాడు. "చంపుతారా గురువుగారూ?" అన్నాడు. చక్రం విప్పి, విరిగిన చోట దీపం వేసి చూశాడు. "ఇది జీపుతో పుట్టిన పాత బోల్టండీ. మీ పేరయ్యది కాదు. అందరం లాగి లాగి రబ్బరు సాగదీసినట్టు సాగదీశాం, తెగింది. పళ్ళెంలో కన్నం చూడండి, చుట్టూ సమానంగా ఉంది. అంచు ఇంకా బిగువుగానే కూర్చుంది."

ఆయన వంగి చూశాడు. గోటితో గీరాడు. వేలితో కొట్టి విన్నాడు. నిజమే. తేడా లేదు. గుండెలమీంచి రోలు దించినట్టయింది. కానీ ఈసారి మీసం మెలెయ్యలేదు. "మిగతా బోల్టులు కూడా సాగే ఉంటాయి. ఒక్కటి కూడా నమ్మడానికి లేదు, అన్నీ మార్చాలి" అన్నాడు. గాలి తమ్ముడు సైకిలేసుకుని వెళ్ళి కొత్త బోల్టులు తెచ్చాడు. పొద్దువాలేలోపు అందరూ చేతులు నల్లగా చేసుకున్నారు. పాతవి కొట్టి తీసింది ఆయన, కొత్తవి ఎక్కించింది గాలి తమ్ముడు, లోపలి నట్లు కొలత పానాతో వరసగా బిగించింది మళ్ళీ ఆయనే. తగినంత బిగువు వచ్చినప్పుడు ఆ పానా టిక్కుమంటుంది. అక్కడ ఆపేయాలి. పైపు మాత్రం భార్య ఎక్కడో దాచేసింది. ఎక్కడో ఇప్పటికీ చెప్పదు.

మర్నాడు ఆయన కూడా జీపెక్కాడు. ముందు సీట్లో డాక్టరమ్మ, వెనక ఆయనా, ఆవిడ మడత కుర్చీ. దారంతా తల బయటికి పెట్టి చక్రాల చప్పుడు వింటూనే ఉన్నాడు. మెట్ట దగ్గర కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి మెట్ట వెనకైపోయింది. పైన దవడలు పట్టుకున్న జనం జీపుని చూసి ఈలలేశారు. అందరూ అయ్యాక, పైదాకా వచ్చిన పాపానికి డాక్టరమ్మ ఆయన్ని కూడా కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమంది. "మీ పళ్ళలో ఒకటి కదులుతోంది" అంది. "అదొక్కటి కదిలినా ఫరవాలేదమ్మా" అన్నాడాయన.

ఎండ ఇంకా ఉండగానే ఇంటికొచ్చారు. కోడలు తాళం తీసి దిగిందో లేదో, ఆయన జాకీ తెచ్చి ముందు చక్రం పక్కన పెట్టాడు. చాటుగా కాదు, వీధిలో నలుగురూ చూస్తుండగా. చక్రం విప్పించాడు. కొలత పానా చేతిలోకి తీసుకొని, కోడలివైపు చాపాడు.

"నువ్వు చూడమ్మా" అన్నాడు.

"మీ ముందేనా?"

"నా ముందే."

కోడలు మోకాళ్ళ మీద కూర్చొని, నట్టుకి పానా తగిలించి, మెల్లగా లాగింది. పానా టిక్కుమంది. నట్టు ఉన్నచోటే ఉంది.

"కదల్లేదు మామయ్యా."

ఆయన చేతులమీదుగా ఎన్ని వందల ముక్కలు వెళ్ళాయో లెక్కలేదు. ఒక్కదాన్ని కూడా ఎవర్నీ తన ఎదుట కొలవనివ్వలేదు. కొలవనివ్వలేదు కాబట్టి, కొలిచి చూశాక 'సరిగ్గా ఉంది' అనే మాట ఒక్క మనిషి నోటినుంచి కూడా వినలేదు. తన పని బాగుందని తనే చెప్పుకుంటూ ఇంత వయసొచ్చేసింది. ఇంకొకరు చెబితే ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది. ఇంత బాగుంటుందని తెలిస్తే ఎప్పుడో స్కేలు తనే చేతిలో పెట్టేవాడు.

"ఏవిటీ? సరిగ్గా వినపళ్ళేదు" అన్నాడు.

కోడలు తలెత్తి ఆయన మొహం చూసింది. చూసి, రెండో నట్టుకి పానా తగిలించి లాగింది. "ఇదీ కదల్లేదు మామయ్యా!" అంది, ఈసారి వీధి చివర పంక్చర్ షాపుదాకా వినిపించేలా.